పొద్దున లేని జబ్బు

నా ఎడమకంటి రెప్ప వాలిపోతున్నదని కనిపెట్టింది నేను కాదు, నా కూతురు మాధవి. ఎవరిదో గృహప్రవేశంలో తీసిన ఫొటోని ఫోనులో పెద్దది చేసి చూసి, "అమ్మా, నువ్వు సగం నిద్రలో ఉన్నావేంటి?" అంది. "ఆ పంతులుగారి మంత్రాలకి ఎవరికైనా నిద్దరే వస్తుంది" అని కొట్టిపారేశాను. అది ఊరుకునే రకం కాదు. నా పాత ఫొటోలన్నీ తిరగేసి, ఆ రెప్ప కొన్నేళ్ళుగా కొంచెం కొంచెంగా కిందికి దిగుతోందని తేల్చి, ఒక సాయంత్రం నన్ను బెజవాడలో కంటి ఆసుపత్రికి లాక్కుపోయింది. ఎనభై దగ్గరికొచ్చిన మనిషిని, ఇప్పుడు నా కళ్ళు చూసి మోజుపడేవాళ్ళెవరే అంటే వినలేదు. ఈ కాలం పిల్లలకి తల్లి మీద ప్రేమ ఉందో లేదో గాని, రోగం పేరు తెలుసుకోవాలన్న పట్టుదల మాత్రం గట్టిగా ఉంది. తిట్టడానికి అనటం లేదు ఈ మాట. ఎందుకు అంటున్నానో పోనుపోను తెలుస్తుంది.

డాక్టరు కుర్రవాడు. మీసం కూడా సరిగ్గా రాలేదు. "మామ్మగారూ" అంటూ గడ్డం పట్టుకుని నా మొహం అటూ ఇటూ తిప్పి, బుల్లి స్కేలుతో రెప్పని కొలిచి, టార్చి వేసి రెండు కంటిపాపలూ ఒక్క తీరుగా ఉన్నాయా లేవా అని చూశాడు. ఉన్నట్టుండి వాలిందా, మెల్లిగానా? తలనొప్పి ఉందా? ఒక మనిషి ఇద్దరుగా కనపడుతున్నారా? అని అడిగాడు. "ఒక్కొక్కళ్ళనే భరించలేక ఛస్తున్నా నాయనా, ఇద్దరైతే ఇంకేమన్నా ఉందా" అన్నాను. నవ్వి, మాధవి వైపు తిరిగి విడమరిచి చెప్పాడు. చాలామందికి వయసుతో రెప్పని ఎత్తే కండ సాగిపోయి వాలుతుందట, దానికి కంగారు పడక్కర్లేదట. కొందరికి పుట్టుకతోనే ఉంటుందట. సుగరున్నవాళ్ళకి నరం దెబ్బతిని వాలొచ్చట. నిన్నటిదాకా బాగున్న రెప్ప ఇవాళ ఉన్నట్టుండి పడిపోయి, తల పగిలిపోతున్నా, కంటిపాప పెద్దదైనా, మాట తడబడినా మాత్రం తెల్లారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి పరిగెత్తాలట. అంతా చెప్పి, మళ్ళీ నా వైపు తిరిగి, ఊరికే అడుగుతున్నట్టు అడిగాడు: "పొద్దున బాగుండి సాయంత్రానికి వాలుతుందా మామ్మగారూ? అన్నం నమిలేటప్పుడు దవడ అలిసిపోతుందా? మాట ముక్కులోంచి వచ్చినట్టు ఉంటుందా?"

అంతసేపూ మాటకి మాట అంటించినదాన్ని, ఆ ప్రశ్నలు విని చేతులు ఒళ్ళో పెట్టుకుని బొమ్మలా కూర్చున్నాను. మాధవే, "లేదండీ, అమ్మకి అవేం లేవు, శుభ్రంగా చేగోడీలు తింటది" అని జవాబు చెప్పింది. "అయినా ఒక చిన్న పరీక్ష చేసేద్దాం. సిస్టర్ సామాను తెస్తారు, అప్పటిదాకా కళ్ళు మూసుకుని కూర్చోండి" అని అతను పక్కగదిలోకి వెళ్ళాడు. మూసుకున్నాను. మూసుకుంటే ఇంకేముంది, జగ్గయ్యపేటలో మా పాత ఇల్లే. ఆ అడిగిన మూడు ప్రశ్నలకీ మా అమ్మ ఇవ్వాల్సిన జవాబులు నా గొంతులో అడ్డం పడి ఉన్నాయి.

బజారు వైపు నాన్న బట్టల కొట్టు, దాని వెనక మేముండే ఇల్లు. కొట్టుకీ ఇంటికీ మధ్య ఒక తలుపే. ఆ తలుపు తీస్తే కొత్త తానుల గంజి వాసన వంటింటిదాకా వచ్చేది, వంటింట్లో ఇంగువ పోపు వాసన కొట్లోకి పోయేది. పండగ ముందు చీరలు కొన్నవాళ్ళు, ఇంటికెళ్ళి మడత విప్పితే మీ ఇంటి చారు వాసనొస్తందని నాన్నని ఆట పట్టించేవాళ్ళు. నాన్న నెమ్మదైన మనిషి. ఇంతకాలం ఆ మాటని మెచ్చుకోలుగానే వాడాను. ఇప్పుడు వాడబుద్ధి కావటం లేదు. ఎవరితోనూ గొడవ పెట్టుకోకుండా, ఎవరి పక్షమూ పట్టకుండా, మజ్జిగ పోసుకుని అన్నం ముగించి కొట్లోకి వెళ్ళిపోయేవాడు. ఇంట్లో ఏ మాట నిజం, ఏది అబద్ధం అని తేల్చే పని మా నాయనమ్మది.

నాయనమ్మ పేరు వెంకాయమ్మ. అబద్ధాన్ని పట్టడంలో ఆవిడ పేరు జగ్గయ్యపేట దాటి వత్సవాయిదాకా పాకింది. పాలు పోసే మనిషి గుమ్మంలో నిలబడగానే గోటి మీద చుక్క వేసి, అది నిలబడిందా జారిందా చూసి, "ఏ బావి నీళ్ళే?" అని అడిగేది. మినుముల్లో రాళ్ళు కలిపారా, నేతిలో డాల్డా కలిపారా, కోడలు జ్వరమని పడుకుంటే అది ఒళ్ళు కాలడమా, పొయ్యి దగ్గర కూచుని వెచ్చబెట్టుకోవడమా, అన్నీ ఆవిడకి తెలుసు. వీధిలో ఎవరి ఇంట్లో ఏది పోయినా ఆవిడని పిలుచుకుపోయేవాళ్ళు. వచ్చాక ఆ కథ మాకు ఒకటికి నాలుగుసార్లు చెప్పేది. "మొహం మీదే కనపడుద్దే తల్లీ, దొంగతనం. చూసే కళ్ళుండాలి" అనేది. నన్ను మాత్రం ప్రాణంగా చూసుకుంది. ఆ మాట చెప్పకపోతే నాకు పుట్టగతులుండవు. నా జడ ఆవిడ వేస్తేనే నేను బడికి వెళ్ళేదాన్ని. ఆ వేళ్ళు ఎంత మెత్తనివో నా తలకి ఇప్పటికీ గుర్తే. ఆ మెత్తదనమే ఇప్పుడు నా ఒళ్ళు మండిస్తుంది.

మా అమ్మ రాజ్యం. కంచికచర్ల పిల్ల. పెద్ద పెద్ద కళ్ళు. పెళ్ళిచూపుల్లో నాయనమ్మే, "ఆ కళ్ళు చూసే ఖాయం చేసుకున్నా" అని అందరికీ చెప్పుకుందట. నా తరవాత అమ్మకి ఒక కాన్పు పోయింది. అప్పటినుంచే అనుకుంటాను, సాయంత్రమయ్యేసరికి కుడికంటి రెప్ప దిగిపోవడం మొదలయింది. పొద్దున లేవగానే రెండు కళ్ళూ లక్షణంగా తెరుచుకుని ఉండేవి. పేడనీళ్ళు చల్లి, ముగ్గేసి, నీళ్ళు తోడి, బట్టలు ఉతికి, మధ్యాన్నం తిరగలి దగ్గర కందులు విసిరి లేచేసరికి రెప్ప బరువెక్కేది. లాంతరు చిమ్నీలు ముగ్గుపిండితో తుడిచే వేళకి సగం కన్ను మూసుకుపోయేది. రాత్రి వంట మొదలయ్యేసరికి తెరిచి ఉంచడం ఆవిడ వల్లయ్యేది కాదు. "ఇట్రావే చిట్టీ" అని నన్ను పొయ్యి పక్క పీట మీద కూర్చోబెట్టుకుని, తాను వంగి కూర కలుపుతుంటే నా వేలితో ఆ రెప్ప ఎత్తి పట్టుకోమనేది. నేను పట్టుకునేదాన్ని. అది నాకు ఆటగా ఉండేది. రెప్ప కింద కన్ను వెచ్చగా కదులుతుండేది. వేలు తీస్తే మళ్ళీ పడిపోయేది. నాకన్నా బాగా ఆ రెప్ప సంగతి తెలిసినవాళ్ళు ఆ ఇంట్లో లేరు. కాని నాలాంటి పిల్లని ఎవరు అడుగుతారు?

"పొద్దున లేని జబ్బు సాయంత్రం ఎక్కణ్ణించి ఊడిపడింది?" ఇదీ నాయనమ్మ ప్రశ్న. ఆవిడ లెక్కలో జ్వరమంటే పొద్దునా సాయంత్రమూ జ్వరమే, కుంటి అంటే ఎప్పుడూ కుంటే. పని ఎక్కువగా ఉండే వేళకి వచ్చి, పడుకుని లేస్తే పోయే జబ్బుని ఆవిడ ఎప్పుడూ చూడలేదు. చూడనిది లేనట్టే. "రాత్రి వంట తప్పించుకునే ఎత్తు" అని తేల్చేసింది. దానికి తోడు రెప్ప వాలినప్పుడు ఎదుటి మనిషి కనపడాలంటే అమ్మ తల వెనక్కి వేసి గడ్డం పైకెత్తి చూడాల్సొచ్చేది. అత్తగారి ముందు గడ్డమెత్తి నిలబడే కోడలు! "ఏంటా పొగరు? నా నెత్తి మీంచి చూస్తందేంటి ఇది?" అని నాయనమ్మ, ఆవిడకి వంత పాడుతూ పక్కింటివాళ్ళు. తల దించుకుంటే ఏమీ కనపడక గుమ్మాలకి కొట్టుకునేది, తలెత్తితే పొగరుబోతు అయ్యేది. ఒకరోజు దీపాలు పెట్టాక మా కొట్లో గుమాస్తా ఏదో అడగడానికి తలుపు దగ్గరికొస్తే, అతని ఎదుట అమ్మ కుడిరెప్ప టపీమని పడింది. "మా ఇంట్లో ఆడవాళ్ళు గుమాస్తాలకి కన్నుకొట్టరమ్మా" అంది నాయనమ్మ, అతను ఇంకా అక్కడే ఉండగానే. ఆ తరవాత అమ్మ ఆ తలుపు ఛాయలకి పోలేదు.

చివరికి నాన్న ఒకరోజు కొట్టు గుమాస్తాకి అప్పజెప్పి, అమ్మని నందిగామలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. మా ఇంటి ఆచారం ఒకటుంది. డాక్టరు దగ్గరికి పరగడుపున వెళ్ళాలి, ఆయన చెయ్యి పట్టుకునే మొదటి రోగి మనమే కావాలి. పొద్దువాలాక ఆసుపత్రి గడప తొక్కితే రోగం ఇంటిదాకా వెంట వస్తుందని నాయనమ్మ నమ్మకం. అందుకని ముందు రోజు అమ్మని తొందరగా పడుకోమంది. ఆవిడ చేసిన మంచి అదొక్కటే, అదే కొంప ముంచింది. తెల్లవారుజామున మొదటి బస్సెక్కాం. నేను ఏడ్చి వెంటబడితే నన్నూ తీసుకెళ్ళారు. చిల్లకల్లు దాటాక పొలాల మీదనుంచి చల్లగాలి కొడుతుంటే అమ్మ కిటికీ పక్కన కూర్చుని, రెండు కళ్ళూ బాగా తెరిచి చూస్తూ, "అదిగో పాలపిట్ట" అని నాకు చూపించింది. ఆ రోజు ఆవిడ మొహం ఎంత బాగుందో.

డాక్టరు పేరున్నవాడు. బల్ల వెనక తెల్లప్యాంటు వేసుకుని కూర్చున్నాడు. అమ్మ మొహం మీద దీపం వేసి, పైకి చూడు, కిందకి చూడు అని, "ఈ కంటికేమొచ్చింది? నా కంటికన్నా బాగుంది" అన్నాడు. "సాయంత్రానికి వాలుద్దండి" అంది అమ్మ. "సాయంత్రానికి నాకూ వాలుద్ది. దాన్ని నిద్దరంటారు" అన్నాడు. కాంపౌండరు నవ్వాడు, వరసలో కూర్చున్నవాళ్ళు నవ్వారు, నాన్న తలొంచుకున్నాడు. అమ్మ మాత్రం కుర్చీలోంచి లేవలేదు. "ఒక్కసారి సాయంత్రం చూడండి బాబూ. ఇక్కడే అరుగు మీద కూచుంటా. సాయంత్రందాకా కూచుంటా, అప్పుడు చూడండి" అని రెండు చేతులూ జోడించి అడిగింది. ఆయనకి కోపమొచ్చింది. "అత్తగారితో పడటం లేదా ఏంటయ్యా? ఇంట్లో పని ఎక్కువయితే ఇట్టాంటివే వస్తయ్ ఆడాళ్ళకి. తీసుకెళ్ళు" అని నాన్నకి చెప్పి, తరవాతి మనిషిని పిలిచాడు.

తిరుగుబస్సు దొరికేసరికి మధ్యాన్నమయింది. తిండి లేదు, మాడ్చేసే ఎండ, కూర్చునే చోటు కూడా లేదు. బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడ్డ అమ్మకి ఊరు రాకముందే రెప్ప జారిపోయింది. నాన్న చూశాడు. నాన్న కోపంగా మాట్లాడటం నేను విన్నది అప్పుడే. "డాక్టరు ముందు లేదు. నా ముందుకొచ్చేసరికి వచ్చింది. నేనంటే అంత ఆటగా ఉందా రాజ్యం?" అన్నాడు. బస్సులో అందరూ వింటున్నారు. అమ్మ ఏదో చెప్పబోయింది. అలిసిపోయిందేమో, మాట ముక్కులోంచి వచ్చింది. "ఆ ముక్కుమాటలొకటి" అని నాన్న మొహం తిప్పేసుకున్నాడు.

ఆ ఎండాకాలమే మా సరసత్త, అంటే నాన్న చెల్లెలు, పిల్లల్ని వేసుకుని వత్సవాయి నుంచి వచ్చింది. మేనల్లుళ్ళ కోసమని నాన్న సోడాకొట్టులో చెప్పి ఐసుగడ్డ తెప్పించాడు. బెజవాడ నుంచి ఊకలో కప్పి గోనెపట్టాలో చుట్టి వచ్చేది అది. మా ఇంట్లోకి ఐసు రావడం అంటే పెళ్ళి వచ్చినంత సంబరం. వసారాలో అందరం చుట్టూ కూర్చున్నాం. సాయంత్రపు ఎండ ఇంకా పెరట్లోనే ఉంది. అమ్మ రోకలితో గడ్డ పగలగొట్టి, నిమ్మరసంలో వేసి, గ్లాసులు అందిస్తోంది. రెప్ప అప్పటికే పూర్తిగా దిగిపోయి ఉంది. చెమటకీ వేడికీ తాళలేకనో ఏమో, ఒక ముక్క తీసి కొంగులో చుట్టి ఆ కంటి మీద పెట్టుకుని గోడకి ఆనుకుంది. కాసేపటికి సరసత్త పెద్దకొడుకు ఇంకో గ్లాసు అడిగితే ఐసు తీసేసి కళ్ళు తెరిచింది. రెప్ప లేచి ఉంది. రెండు కళ్ళూ సమానంగా, పెద్దవిగా, పొద్దున పూట ఉన్నట్టే ఉన్నాయి.

అమ్మకే ముందు తెలిసింది. వేలితో తడుముకుని చూసుకుంది. సంతోషం పట్టలేక, "అత్తయ్యా! లేచిందత్తయ్యా! ఐసు పెడితే లేచింది, చూడండి!" అని కేక పెట్టింది. మందు దొరికిందనుకుంది పిచ్చిది. నాయనమ్మ గ్లాసు కింద పెట్టి లేచి వచ్చి, అమ్మ గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురు వైపు తిప్పి నిదానంగా చూసింది. "లేచింది" అంది. తరవాత మా అందరి వైపూ తిరిగింది. "చూశారుగా? నేను చెబితే అత్తగారి నోరన్నారు. ఐసుముక్క పెడితే లేచే రెప్పకి జబ్బేంటమ్మా? జబ్బున్న కాలు ఐసు పెడితే నడుస్తదా? పక్షవాతంతో పడ్డ చెయ్యి ఐసు పెడితే లెగుద్దా? ఇంతకాలం కావాలని పడేసిందీ ఇదే, ఇప్పుడు లేపిందీ ఇదే. ఒరేయ్ అబ్బాయ్, నువ్వూ చూశావుగా?" నాన్న చూశాడు. "చూశానమ్మా" అన్నాడు. సరసత్త, "ఎంత నటనే వదినా!" అని బుగ్గలు నొక్కుకుంది. పిల్లలు దాన్నొక ఆట చేసుకుని, తలా ఒక ముక్క కంటి మీద పెట్టుకుని, తీసి, "లేచింది! లేచింది!" అని ఎగిరారు. కాసేపట్లోనే అమ్మ రెప్ప మళ్ళీ దిగిపోయింది. అది ఎవరూ చూడలేదు. చూడాల్సిన పని వాళ్ళకి అయిపోయింది.

ఆ రోజునుంచీ అమ్మ ఆ ఇంట్లో రుజువైన అబద్ధాలకోరు. కాలు నొప్పి అన్నా నవ్వేవాళ్ళు. అన్నం సగంలో వదిలేస్తే, "వంట నచ్చలేదా దొరసానికి?" అనేవాళ్ళు. నమలలేకపోయేది. అన్నం నోట్లో పెట్టుకుని, దవడ కింద చెయ్యి ఆనించి పైకి తోసుకుంటూ నమిలేది. అదీ నటనలోకే వెళ్ళిపోయింది.

వానలు మొదలయ్యాక నాయనమ్మ ఉంగరం పోయింది. పోయిన మా తాతయ్యది అది, ఎర్రరాయి ఉంగరం. వేలికి వదులని కొంగున ముడేసుకుని తిరిగేది. ముడి విప్పి చూసుకుంటే లేదు. ఇల్లంతా వెతికారు, బావి దగ్గర వెతికారు. దొరకలేదు. ఇక బియ్యం నమిలించాల్సిందేనని నాయనమ్మ నిశ్చయించింది. ఊళ్ళో ఎన్ని దొంగతనాలు పట్టిందో ఆ బియ్యంతోనే. పసుపు కలిపిన బియ్యం దేవుడి ముందు పెట్టి, దీపం వెలిగించాక ఒక్కొక్కళ్ళకీ గుప్పెడు ఇస్తారు. నమిలి పిండి చేసి విస్తరాకులో ఉమ్మాలి. తప్పు చేయనివాడి నోరు ఊరుతుంది, పిండి పాలలా వస్తుంది. దొంగ నోరు భయంతో ఎండిపోయి గింజ గింజగానే ఉంటుంది. అందులో ఏదో కొంత నిజం ఉందని ఈ మధ్య ఎక్కడో చదివాను కూడా. కాని అది దీపాలవేళే జరగాలి. మా అమ్మని డాక్టరు దగ్గరికి పొద్దున్నే తీసుకెళ్ళారు, దేవుడి ముందుకి సాయంత్రం తీసుకెళ్ళారు. ఎక్కడా ఆవిడ నిజం బయటపడే వేళ కాలేదు.

పనిమనిషి మంగమ్మ నమిలింది. తెల్లటి పిండి ఉమ్మి, నోరు కడుక్కుని, కళ్ళు తుడుచుకుని పక్కకి నిలబడింది. గుమాస్తా నమిలాడు. నాయనమ్మ తానూ నమిలింది, ఆ ధర్మం ఆవిడకి ఉంది. అమ్మ వంతు వచ్చింది. పొద్దుటినుంచి తడికట్టెలతో వంట చేసిన మనిషి. నాలుగుసార్లు నమిలిందో లేదో, దవడ ఆగిపోయింది. చెయ్యి గడ్డం కిందికి పెట్టబోతే, "చెయ్యి తియ్యి" అంది నాయనమ్మ. తీసేసింది. నోరు సగం తెరుచుకుని ఉండిపోయింది, మూయలేకపోయింది. కుడిరెప్ప పూర్తిగా పడిపోయి, ఎడమదీ దిగుతోంది. నాన్న వైపు తిరిగి కనపడక గడ్డం పైకెత్తి చూసింది. నోట్లోంచి గింజలు వాటంతటవే జారి విస్తరాకులో పడ్డాయి. పచ్చగా, ఒక్కటీ నలగకుండా. దీపం వెలుగులో మేమంతా వాటినే చూస్తున్నాం. ఏదో అనబోయింది అమ్మ. ముక్కులోంచి ఒక మూలుగు తప్ప మాట రాలేదు. "ఇంకెందుకులేమ్మా మాటలు. దేవుడే చెప్పాడుగా" అంది నాయనమ్మ. గొంతులో కోపం కూడా లేదు. ఎప్పటిలాగే సరిగ్గా పట్టేశానన్న తృప్తి, అంతే. నేను అరిచాను, "అమ్మకి పొద్దున పెట్టు నాయనమ్మా, పొద్దునైతే నములుద్ది" అని. మంగమ్మ నా నోరు మూసి ఎత్తుకుపోయింది.

నాన్న కొట్టలేదు, తిట్టలేదు. మా మేనమామకి కబురు పంపాడు. ఆయన కంచికచర్ల నుంచి వచ్చి వసారాలో నిలబడితే మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. "కొన్నాళ్ళు మీ దగ్గర ఉంచుకోండి బావా. బుద్ధొచ్చాక చూద్దాం" అన్నాడు నాన్న. పొద్దున బస్సు. అమ్మ రెండు కళ్ళూ విప్పారి ఉన్నాయి, మాట స్పష్టంగా ఉంది. నా బుగ్గలు పట్టుకుని, "ఏడవమాకే చిట్టీ. అక్కడ మామయ్య సాయంత్రం పూట చూపిస్తానన్నాడు" అంది. అంత దొంగతనపు నింద మోసుకుని పోతున్న మనిషి చెప్పిన మాట అదీ. నాయనమ్మ గుమ్మంలోంచి, "చూడండి, ఇప్పుడు ఎంత చక్కగా ఉందో మొహం" అంది. నిజమే, చక్కగానే ఉంది.

మామయ్య చూపించేలోపే అయిపోయింది. పెరుగన్నం తింటుంటే మెతుకు గొంతుకి అడ్డం పడిందట. దగ్గడానికి శక్తి లేదు, ఊపిరి తీసుకోవడానికీ శక్తి లేదు. మామయ్య భార్య వీపు తడుతుండగానే పోయిందట. కంచికచర్ల నుంచి వచ్చే బస్సు డ్రైవరు మా కొట్టు ముందు ఆపి చెప్పి వెళ్ళాడు. నాయనమ్మ గుండెలు బాదుకుని ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది, నేను చూశాను, ఆవిడ ఏడుపులో నటన లేదు. "అన్నం మెతుకే గొంతు పట్టుకుందంటే దేవుడి ముందు చేసిన తప్పు ఊరికే పోతదా" అని కూడా ఆ ఏడుపులోనే అంది.

ఉంగరం చింతపండు కుండలో దొరికింది. ఆ ఎండాకాలంలో కొత్త చింతపండు పిసికి ఉప్పేసి ముద్దలు చేసి దాచింది నాయనమ్మే, కొంగుముడి ఎప్పుడు వదులయిందో చూసుకోలేదు. ఆ కుండ అడుగుకొచ్చాక, ముద్ద విడదీస్తుంటే చేతికి తగిలింది. పక్కనే కూర్చుని నేను చూస్తున్నాను. నీళ్ళలో ముంచి కడిగి, కొంగుతో తుడిచి, వెలుతురులో పెట్టి రాయి చూసుకుని, "చూశావా, మన సొత్తు ఎక్కడికి పోద్ది" అంది. మళ్ళీ కొంగున ముడేసుకుంది. నాన్న అక్కడే అన్నం తింటున్నాడు. ఉంగరం చూశాడు, వాళ్ళమ్మని చూశాడు. అమ్మ పేరు ఇద్దరిలో ఒక్కరైనా ఎత్తుతారేమోనని నేను వాళ్ళ నోళ్ళకేసి చూస్తూ కూర్చున్నాను. "కాస్త మజ్జిగ పొయ్యమ్మా" అన్నాడు నాన్న. పోసింది.

"మామ్మగారూ, చల్లగా ఉంటది, కదలమాకండి" అన్న మాటకి కళ్ళు తెరిచాను. నర్సమ్మాయి చేతికేసుకునే రబ్బరు తొడుగులో ఐసుముక్కలు వేసి మూతి ముడేసి పట్టుకుని నిలబడి ఉంది. "ఇదెందుకు?" అన్నాను. "పరీక్షేనండీ" అని నా ఎడమకంటి మీద పెట్టింది. చలి ఎముకలదాకా పాకింది. వసారా, ఊక వాసన, నిమ్మరసం, ఎగిరే పిల్లలు. లేచి పారిపోదామనిపించింది. మాధవి నా చెయ్యి పట్టుకుని ఉంది కాబట్టి కూర్చున్నాను.

ఐసు తీశాక డాక్టరు స్కేలు పెట్టి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. "లేవలేదు" అన్నాడు నవ్వుతూ. "లేవకపోతే మంచిదా అండీ?" అంది మాధవి. "చాలా మంచిది. నరం చెప్పిన మాట కండకి అందని జబ్బు ఒకటుందమ్మా. వాడేకొద్దీ కండ అలిసిపోతుంది. పొద్దున బాగుంటారు, సాయంత్రానికి రెప్పలు వాలతాయి, నమలలేరు, మింగలేరు. ముదిరితే ఊపిరికే ముప్పు. ఆ జబ్బుంటే ఐసు పెట్టగానే రెప్ప కాసేపు లేస్తుంది. లేచిందంటే జబ్బున్నట్టే, అదే రుజువు. మామ్మగారిది వయసుతో వచ్చిన సాగుడే, భయం లేదు" అన్నాడు.

"ఆ జబ్బుకి మందుందా?" అన్నాను. "మాత్రలున్నాయండీ. వేసుకుని హాయిగా బతుకుతారు." "ఎప్పట్నుంచి ఉన్నాయి నాయనా?" ఆ కుర్రవాడు ఒక క్షణం ఆలోచించాడు. "బాగా పాత మందేనండీ. మీ చిన్నప్పటికే వచ్చేసింది. కాకపోతే ఆ రోజుల్లో మద్రాసులాంటి చోటికి వెళ్ళాలి, ఇదీ జబ్బు అని ఎవరో ఒకరు కనిపెట్టాలి. ఎందుకు మామ్మగారూ?"

ఏడ్చాను. ఈ వయసులో, అంత పెద్ద ఆసుపత్రిలో, నర్సుల ముందు, పమిట నోట్లో కుక్కుకుని ఏడ్చాను. మాధవి నేను భయం తీరి ఏడుస్తున్నాననుకుంది పాపం. నా వీపు నిమురుతూ, "ఏం లేదన్నారుగా అమ్మా, ఊరుకో, ఊరుకో" అంటూనే, రెండో చేత్తో ఫోను చెవికి పెట్టుకుని ఇంటికి చెబుతోంది: "ఏం లేదంట! ఐసు పెట్టి చూశారు, లేవలేదంట!"

మా అమ్మకి లేచింది. అందరం చూశాం.